ఇనప వంతెన దాటాక ఏడో మలుపు

“ఇప్పుడు కాదమ్మా, బండ కనబడక ముందే తొక్కాలి బ్రేకు,” అంది నాయనమ్మ మాణిక్యాంబ, నవారు మంచం మీద కుడివైపుకి ఒరిగిపోతూ.

హరిప్రియ వినేలోపే తెర మీద కారు గట్టు దాటి లోయలోకి దొర్లింది. చేతుల్లో స్టీరింగ్ గడగడా వణికి ఆగిపోయింది.

“పడ్డామా? మళ్లీ వంతెన దగ్గర్నించి పోనీ.”

ఆర్.కె. పురం క్వార్టర్లో ఆ శీతాకాలమంతా ఇదే వరస. హరిప్రియ ఇంజనీరింగు అయిపోయింది. నోయిడాలో కారు పందేల ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ వాళ్లు ఆమెకో పరీక్ష పెట్టారు. మనాలీ పైన కనుమ దారిని మలుపు మలుపునా కంప్యూటర్లో కట్టాలి. నిజంగా ఆ దారిలో కారు ర్యాలీలు నడిపినాయన కూర్చుని చూసి సరేనంటే ఉద్యోగం, లేదంటే లేదు. వెళ్లి చూసొద్దామంటే మంచు పడి దారి జూన్ దాకా మూతపడింది. పరీక్ష ఫిబ్రవరిలో. చేతిలో ఉన్నవి మ్యాపులూ, నాలుగు ఫొటోలూ. మలుపెక్కడుందో మ్యాపు చెబుతుంది గానీ, చక్రం ఎక్కడ జారుతుందో ఏ మ్యాపు చెబుతుంది?

ఒకనాడు భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పుకుని ఏడుపుమొహం పెడితే, మజ్జిగన్నం కలుపుకుంటున్న నాయనమ్మ తల కూడా ఎత్తకుండా అంది: “ఆ దారేగా. ఇనప వంతెన దాటాక పదకొండు మలుపులు. నే చెప్తా, రాసుకో.”

తాతగారు ఆర్మీలో లారీ డ్రైవరు. పెళ్లయిన కొత్తల్లో, హరిప్రియ నాన్న ఇంకా పుట్టక ముందు, ఆరు వేసవులు ఆ కనుమ మీదికి రేషన్ మోశారు. ఆయన పక్కన కూర్చుని ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదంది నాయనమ్మ.

మర్నాటి నుంచి పని మొదలైంది. నాయనమ్మని కుర్చీలో కూర్చోమంటే కూర్చోదు. కుర్చీలో తనకి దారి తట్టదట. చివరికి కంప్యూటర్ బల్లనే మంచం దగ్గరికి జరిపి, స్టీరింగ్ దానికి బిగించి, ఇద్దరూ మంచం మీదే కూర్చున్నారు. సగం గది ఆక్రమించిన ఆ పాత మంచాన్ని పాతసామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేద్దామని హరిప్రియ తల్లి సీత మూడేళ్లుగా పోరుతోంది. ఆ మాట ఎత్తితే చాలు, అత్తగారికి చెవుడొచ్చేస్తుంది.

స్టీరింగ్ కూడా నాయనమ్మకి నచ్చలేదు. ఇది పిల్లలాడుకునేది, లారీది ఇంతుంటుందంటూ తన పెళ్లినాటి ఇత్తడి పళ్లెం తెచ్చి చూపించింది. దాని అంచు సరిగ్గా ఎదురెదురుగా రెండుచోట్ల సొట్టపోయి ఉంది.

అయితే జ్ఞాపకమంటే అదీ. మూడో మలుపులో పొద్దున రోడ్డు పొడిగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండకి మంచు కరిగి నీళ్లు అడ్డంగా పారతాయి. అయిదో మలుపులో రోడ్డు లోయవైపు వాలి ఉంటుంది, స్టీరింగ్ అటే లాగుతుంది, బిగబట్టాలి. ఏడో మలుపులో బండ ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, దాని వెనక ఏమొస్తోందో దేవుడికే తెలియాలి. హరిప్రియ ఒక్కొక్కటీ ఆటలో ఎక్కించింది. ఎక్కించిన కొద్దీ స్టీరింగ్ బరువెక్కింది, చక్రాల కింద కంకర పలికింది.

“అచ్ఛా, కొండలు ఏ రంగులో ఉండేవి నాయనమ్మా?” అని అడిగిందోసారి.

“ఏమో తల్లీ. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పితేగా.”

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున కంటోన్మెంట్ నుంచి భీమారావు వచ్చాడు. ఆర్మీలో మేజరుగా చేసి రిటైరయ్యాడు, పద్నాలుగుసార్లు ఆ దారిలో ర్యాలీ నడిపాడు. కూర్చుంటూనే చెప్పేశాడు, ఇలాంటి ఆటలు చాలా చూశానని. కంటికి బావుంటాయట గానీ ఒంటికేమీ తెలియదట. కారు జారడం ముందు నడుముకి తెలుస్తుంది, ఆ తరవాతే కంటికి, అన్నాడు. హరిప్రియ ఆట మొదలుపెట్టింది.

వంతెన దాటాడు. మూడో మలుపులో నీళ్లు చూసి కనుబొమలెత్తాడు. అయిదో మలుపులో స్టీరింగ్ లాగితే భుజం బిగించాడు. ఏడో మలుపు ఇంకా రాకముందే ఆయన పాదం బ్రేకు మీదికి వెళ్లింది. కారు ఆపేసి తన కాలి వంకే చూసుకున్నాడు.

“నేను తొక్కలేదు. అదే తొక్కింది,” అన్నాడు మెల్లగా. “ఆ బండ ఇప్పుడు లేదమ్మాయ్. ఎప్పుడో పేల్చేశారు. నేను కొత్తగా చేరినప్పుడుండేది. ఇది ఏ మ్యాపులో దొరికింది నీకు?”

హరిప్రియ నాయనమ్మని చూపించింది.

భీమారావు నోయిడా వాళ్లిచ్చిన కాగితం తీసి, దారి సరిగ్గా ఉంది, నేను చూసిన వాటన్నిటిలోకీ ఇదే నిజమైనది అని రాసి సంతకం పెట్టాడు. గుమ్మంలో నిలబడ్డ సీత కళ్లు తుడుచుకుంది. ఆయన పెన్ను జేబులో పెట్టుకోబోతూ ఆగాడు.

“ఒక్క సంగతి అంతు పట్టట్లేదమ్మా. ఆ రోజుల్లో ఫ్యామిలీలని ఆ రోడ్డు ఎక్కనిచ్చేవారు కాదు. అందులో ఆర్మీ లారీలో అసలే కుదరదు. మీరెలా వెళ్లారు?”

హరిప్రియ కూడా తలతిప్పి చూసింది. ఇన్నాళ్లలో ఆ ప్రశ్న ఆమెకి తట్టనేలేదు.

మాణిక్యాంబ కొత్త పెళ్లికూతురిలా తలొంచుకుని, ఇత్తడి పళ్లేన్ని తీసి, సొట్టలున్న చోట పట్టుకునేలా ఆయన చేతుల్లో పెట్టింది.

“సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా మా ఆయన ఈ మంచం మీదే తీసుకెళ్లేవారు బాబూ.”