ఆ ప్రార్థనలో లేని మనిషి

నానమ్మను సమాధి చేసి వచ్చిన సాయంత్రం, ఆవిడ రోజూ మోకరించే చాప తెచ్చి తండ్రి ముందు పరిచింది పిల్ల.

"ఇవాళ నువ్వు ప్రార్థన చెయ్యి నాన్నా."

"నాకెక్కడొచ్చే," అన్నాడు లారీ నడిపే ఆ తండ్రి. బండెక్కే ముందు ఆ పని తల్లికే అప్పజెప్పి పోయేవాడు.

"నానమ్మ అడిగినవే అడుగు. నీ బండి, అమ్మ ఆయాసం, నా పరీక్షలు, పక్కింటివాళ్ల గొడవ..."

"తన కోసం ఏమడిగేది?"

"ఏమీ అడిగేది కాదు."

ఇన్నేళ్లలో ఆమెకేం కావాలో అతనూ అడగలేదు. చాప మీద కూలబడ్డాడు.

"ప్రభువా, మా అమ్మకి..." పిల్ల వైపు తిరిగాడు. "ఇంకేమడగనే? అంతా అయిపోయాక."

పిల్ల పక్కనే మోకరించింది. "ప్రార్థనయ్యాక లేవలేక రోజూ నా భుజం పట్టుకునేది. మోకాళ్ల నొప్పి తగ్గించమను నాన్నా."