తుమ్మచెక్క వగరు

"కొత్తగా చెక్కరంగు పట్టించినట్టుండావే కామాక్షన్నా! ఎవురిదీ వల?"

పక్కింటి కామాక్షయ్య గుంజల మీద ఆరేసిన నూలు వలను గంగులయ్య అనుమానంగా తడిమాడు. తన ఇంటి వెనక పడున్న వల మాయమైంది. తుమ్మచెక్క, అదే తుమ్మచెట్టు బెరడు, ఉడికించిన నీళ్లలో ముంచితే ఎంత వెలిసిన వలైనా ఎర్రబారి ఆనవాలు పట్టనివ్వదు. దొంగకు అంతకంటే ఏం కావాలి?

"చూసి నువ్వే చెప్పు," అన్నాడు కామాక్షయ్య, తెడ్డు చెక్కుతూ.

గంగులయ్య వేళ్లు ఒక అతుకు దగ్గర ఆగాయి. రెండు మెలికలు తిప్పి బిగించిన ముడి. పల్లెలో అలా వేసింది పోయిన తన భార్య నాగులమ్మ ఒక్కతే.

"నాదే! ఇంటిపక్కోడివి, నువ్వే దొంగిలిస్తివా?"

"దొంగిలించినా. ఆయమ్మ పోయినాక నువ్వు సముద్రం మొగం చూడలా. ఈ వానలకి ఆయమ్మ వేసిన ముడులన్నీ కుళ్లిపోవా? పచ్చి నేరేడుకాయలో నాలుకను పట్టే వగరే ఈ చెక్కలోనూ ఉండేది. అదే నూలును కాపాడతాది."

"ఆ మాట నాకు చెప్పి తీసకపోవచ్చు గదా!"

"చెప్తే తీసకపొమ్మని మళ్లా మంచమెక్కుతావు. దొంగని పట్టుకునేదానికైనా గడప దాటతావని చెప్పలా."