బాంబుకి సైకిల్ తాళం

“ఈ తాళం పెట్టింది ఎవరు?” అని అడిగాడు వింగ్ కమాండర్ ఫాన్‌షా, చేతికర్రతో బాంబు మూత మీద టకటకా కొడుతూ.

లండన్ శివార్లలోని ఆ స్టూడియోలో అణుయుద్ధాన్ని ఎగతాళి చేస్తూ సినిమా తీస్తున్నారు. బాంబు చెక్కతో చేసింది, పైన రేకు, రేకు మీద వెండిరంగు. ఫాన్‌షా దొరగారు మాత్రం అసలైన బాంబుల్ని చూసుకునే ఆఫీసు నుంచి వచ్చారు. ఆ ఆఫీసు పేరు పైకి చెప్పకూడదట. రొమ్ము మీది పతకాలు మాత్రం వీధి చివరి నుంచే కనబడేలా తగిలించుకొచ్చారు. షూటింగుకి నిజం విమానాలు కావాలంటే ఆయన సంతకం కావాలి. సంతకం పెట్టకపోతే సినిమా మూలన పడ్డట్టే.

“మా సెట్ సామాను చేసే ఆల్ఫ్ సార్” అన్నాడు దర్శకుడు గ్రెషమ్, క్షణం ఆలస్యం చేయకుండా. సైన్యాధికారులందర్నీ తెర మీద ఉతికి ఆరేస్తానని ఆరునెలలుగా పత్రికలవాళ్ళకి చెబుతున్న మొనగాడు, ఒక్క అధికారి ఎదురుగా నిలబడేసరికి చేతులు కట్టుకున్నాడు.

ఆల్ఫ్ టిడ్‌మార్ష్ ముందుకొచ్చాడు. ముప్పై ఒక్కేళ్ళుగా అక్కడే పని. ఇంకో పద్నాలుగు నెలలు గడిస్తే పెన్షన్ వస్తుంది. వేళ్ళకి వెండిరంగు ఇంకా అంటుకునే ఉంది.

“ఇది సైకిల్ తాళం కదూ?”

“అవును సార్. నాదే.”

“దేశాల్ని బూడిద చేసే బాంబుకి సైకిల్ తాళమా?”

ఆల్ఫ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. విమానం సెట్టుని కుదిపినప్పుడల్లా బాంబు మూత తెరుచుకుని, లోపల తను దాచుకున్న టీ ఫ్లాస్కు కెమెరాకి కనబడేది. మొదట మూతని పురికొసతో కట్టాడు. దర్శకుడుగారు అది చూసి మండిపడ్డారు. ఎంత వెక్కిరింపు సినిమా అయినా జనం నమ్మేలా ఉండాలని, అణుబాంబుని పురికొసతో కడితే పసిపిల్లలు కూడా నమ్మరని నలుగురిలో తిట్టారు. అప్పుడు ఆల్ఫ్ బయటికెళ్ళి, తన సైకిల్ తాళం తీసుకొచ్చి బిగించాడు. అది మంగళవారం. బుధవారం సైకిలెవడో ఎత్తుకుపోయాడు.

లైట్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఫాన్‌షా నవ్వలేదు. పురికొస అన్న మాట దగ్గర ఆయన కలం ఆగిపోయింది. తర్వాత నోటుబుక్కులో ఆల్ఫ్ పూర్తి పేరు, ఇంటి అడ్రసు రాసుకున్నాడు. సైన్యంలో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. మా బావమరిది వంటవాడిగా చేశాడని ఆల్ఫ్ అంటే, ఏ శిబిరంలో, ఏ సంవత్సరంలో, ఇంటికొచ్చి ఏమేం చెప్పేవాడని గుచ్చి గుచ్చి అడిగాడు. ఉడకబెట్టిన క్యాబేజీ గురించి తప్ప ఇంకేమీ చెప్పలేదన్నాడు ఆల్ఫ్. దేశ రహస్యాలు బయటపెట్టినవాళ్ళు జైల్లోనే ముసలివాళ్ళవుతారని దొరగారు గుర్తుచేశారు.

జైలు మాట వినగానే గ్రెషమ్ అందుకున్నాడు. తాళం సంగతి తనకి తెలియనే తెలియదన్నాడు. ఈ మనిషిని సాయంత్రంలోగా పనిలోంచి తీసేస్తానన్నాడు. ఆ సంతకమేదో పెట్టేస్తే అందరం టీకి వెళ్ళొచ్చన్నాడు.

“నిన్ననే కదా సార్, తాళం భలే కుదిరిందని మీరే అన్నారు” అన్నాడు ఆల్ఫ్.

“నాకు గుర్తు లేదు” అన్నాడు గ్రెషమ్, పైనున్న లైట్లకేసి చూస్తూ. సిగ్గులేని జన్మ.

ఫాన్‌షా నోటుబుక్కు మూశాడు. ఇది చాలా తీవ్రమైన విషయమనీ, ఇతన్ని తను ఒంటరిగా విచారించాలనీ, అందరూ బయటికి నడవాలనీ అన్నాడు. అందరికంటే ముందు గ్రెషమే నడిచాడు. ఫాన్‌షా తలుపు గడియ వేశాడు.

ఆల్ఫ్ వేళ్ళకంటిన వెండిరంగుని ప్యాంటుకి తుడుచుకున్నాడు. ముప్పై ఒక్కేళ్ళ కొలువు ఒక ముష్టి తాళంతో పోతోంది. సైకిల్ పోగొట్టుకున్నందుకు పెళ్ళాం ఈడీ రెండు రోజులుగా సాధిస్తూనే ఉంది. ఇప్పుడు పెన్షన్ కూడా పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పాలో అతనికి తోచలేదు.

ఫాన్‌షా బాంబు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఇస్త్రీ ప్యాంటు నలుగుతుందని కూడా చూడకుండా మోకాళ్ళ మీద కూర్చుని, తాళాన్ని రెండు చేతులా పట్టి లాగాడు. అది రాలేదు. తాళంచెవి ఇమ్మని అడిగి, తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

“టిడ్‌మార్ష్‌గారూ, ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయండీ?”

ఇంతసేపూ వేలు చూపించి మాట్లాడిన మనిషి గారూ, అండీ అనేసరికి ఆల్ఫ్ తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

“మా వీధి మలుపులో సైకిళ్ళ కొట్టుంది సార్, అక్కడ. ఎందుకు?”

“మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, ఆ సంగతి నేను చూసుకుంటాను. నాకు మాత్రం ఓ నూట నలభై తాళాలు కావాలి. అన్నిటికీ ఒకటే తాళంచెవి పట్టాలి, మావాళ్ళు పారేసుకుంటారు” అన్నాడు ఫాన్‌షా, మోకాళ్ళు దులుపుకుంటూ. “ఇప్పటిదాకా మేమూ పురికొసతోనే నెట్టుకొస్తున్నాం.”