తువ్వాలు ముడి

బావుల్లో పూడిక తీయడం నా పని. అంత లోతుకి వీణపాట దిగదు కాబట్టి, మా ఊళ్ళో భయమంటూ మిగిలింది నాకొక్కడికే. మిగతా అన్ని చోట్లా, ఎవరి గుండె కాస్త వేగంగా కొట్టుకున్నా గోడలోని పెట్టె పసిగట్టి వీణ మోగిస్తుంది. రెండు నిమిషాల్లో మనసు చల్లబడి, బెంగేమిటో కూడా మరిచిపోతాం. చదువుకున్నవాళ్ళు మన మేలుకోరి పెట్టారట!

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి మనవరాలిని ఎత్తుకుంటే ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"ఏమే సుగుణా, పిల్లకింత జొరమొస్తే చూసుకోబన్లేదా?"

"చూశా నాన్నా. పొద్దున హడలిపోయా కూడా. ఆనక వీణ మోగింది," అంది నా కూతురు నవ్వుతూ. "అయినా ఏడవట్లేదుగా, బంగారుతల్లి!"

నా గుండె దడదడలాడింది. వెంటనే గోడలో తీగ పలికింది. మరిచిపోకూడని పనికి తువ్వాలు కొసన ముడి వేసుకోవడం నాకు అలవాటు. భయం కరిగిపోకముందే గట్టిగా ముడి బిగించాను. పిల్లను భుజాన వేసుకుని, "జొరం, ఆసుపత్రి... జొరం, ఆసుపత్రి" అని పైకే అనుకుంటూ పరుగెత్తి బస్సెక్కాను.

బస్సులోనూ వీణే. ఎంత హాయిగా ఉందో!

"ఆసుపత్రి! దిగేవాళ్ళున్నారా?" అని కండక్టరు కేకేశాడు.

తువ్వాలుకి ముడి కనబడింది. దేనికి వేసుకున్నానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఒళ్ళో పాప వెచ్చగా, ఏడవకుండా పడుకుంది.

"ఎవరూ లేరు, పోనియ్," అన్నాను నేనే.