ఎడమకు వాలిన గీత

ప్రోగ్రాం ముక్కలన్నీ ఒకటిగా కూర్చే బిల్డ్ మళ్లీ ఫెయిలైంది. గదిలో అందరివీ పాసయ్యాయి, గడ్డమాయనది తప్ప.

కొత్తగా వచ్చిన మేనేజర్‌కి ఓపిక అడుగంటింది. పని రానివాణ్ణి మోయడం తన వల్ల కాదనీ, సాయంత్రానికి అతన్ని తీసేయమని పైవాళ్లకి రాసేస్తాననీ అందరి ముందే చెప్పేశాడు. తప్పు తనది కాకపోయినా గడ్డమాయన తల దించుకున్నాడు; అది ఆయనకి పాత రోగం.

అందరి బిల్డ్‌లూ చేసిపెట్టే టూల్ చూసుకునే ఆవిడ కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఆఫీసంతా ఆవిణ్ణి అక్కా అని పిలుస్తుంది. కోపంలో ఉన్నప్పుడు మాత్రం ఎవరూ ఏమీ పిలవరు.

"తప్పు అతనిది కాదు. మన టూల్‌ది," అంది.

ఫోల్డర్ పేరుకీ ఫైలు పేరుకీ మధ్య వచ్చే గీత ఇక్కడ మిగతావాళ్ల కంప్యూటర్లలో ఎడమకు వాలుతుంది, అతని రకం కంప్యూటర్లో కుడికి. టూల్ రాసిన మహానుభావుడెవరో అన్నిచోట్లా ఎడమ గీతే పెట్టిపోయాడు. దాంతో అతని కంప్యూటర్ ఫైలుకి వెళ్లే ఆ దారి మొత్తాన్నీ ఒకే పొడుగాటి పేరనుకుని, అలాంటి ఫైలే లేదు పొమ్మంటోంది. ఇదంతా ఆవిడ ఓపిగ్గానే చెప్పింది.

మేనేజర్ నవ్వాడు. ఒక్కడి కోసం టూల్ మారుస్తారా, అందరూ వాడేదే అతన్నీ వాడమనండి అన్నాడు.

"పదిమంది చేసినంత మాత్రాన తప్పు ఒప్పైపోదు సార్. అతన్ని తీసేస్తే నా రాజీనామా కూడా దాంతోపాటే పంపించండి."

అనుమతి లేకుండా టూల్ ముట్టుకుంటే ఊరుకోనన్నాడు మేనేజర్. ఊరుకోవద్దని చెప్పి ఆవిడ టైపు చేసుకుంటూ పోయింది. ఎడమ గీత కనపడ్డ ప్రతిచోటా దాన్ని పీకేసి, ఏ గీత పెట్టాలో ఆ కంప్యూటర్‌నే అడిగేలా మార్చింది. భోజనానికి కూడా లేవలేదు.

సాయంత్రానికి అందరి తెరల మీదా బిల్డ్ పాసైనట్టు పచ్చ గుర్తు వచ్చింది. గడ్డమాయన తెర మీద కూడా.

ఆయన లేచి వచ్చి, థాంక్సండీ అన్నాడు. ఆవిడ ఆయన మొహం చూడలేదు. వెళ్లి పని చూసుకోమంది.

మేనేజర్‌కి వెనక్కి తగ్గక తప్పలేదు. ఆవిడ పోతే ఆ టూల్ ఇంకెవరికీ లొంగదు మరి. కానీ కడుపుమంట ఎక్కడికి పోతుంది?

"ఇంతలా వెనకేసుకొస్తున్నారు. ఇంతకీ అతను మీకేమవుతాడు?"

గదిలో ఎవరూ తలెత్తలేదు.

"ఏమీ కాడు," అంది ఆవిడ, బ్యాగు భుజాన వేసుకుంటూ.

నిజమే, పోయిన వారమే కోర్టు వాళ్లిద్దరికీ విడాకులు ఇచ్చేసింది.