జపమాలలో నా సగం

దయ్యాల సినిమాలు చూస్తే ఆత్మకు కీడని ఆ ఆదివారం గుడిలో ఫాదర్‌గారు చెప్పారు. నా భార్య శౌరమ్మ ఇంటికొచ్చి అదే పట్టుకుంది.

"ఇయ్యాల పోకు. జపమాలకు కూసో. నేను సగం చెప్తే నువ్వు సగం చెప్పాలె గద!"

"సిన్మాల దయ్యం మన ఛత్రినాక దాంక నడిచొస్తదా? ఫికర్ జెయ్యకు," అని నవ్వి సెకండ్ షోకు పోయాను. తిరిగొచ్చేసరికి శౌరమ్మ జపమాల చేతిలో పట్టుకునే, చాప మీద చల్లబడి ఉంది.

సమాధి చేసి నెలయింది. రోజూ లైటు ఆర్పగానే ఆ చాప వైపు నుంచి ఆమె గొంతు మరియమాతకు చెప్పే మంగళవార్త జపం మొదలుపెడుతుంది. సగం చెప్పి, నా వంతు కోసం ఆగుతుంది. పెళ్లి కోసమే జ్ఞానస్నానం తీసుకున్నవాణ్ణి. పదకొండేళ్ల కాపురంలో ఆ రెండో సగం నేర్చుకోలేదు. ఇప్పుడు ఏ మొహంతో ఎవరినడగను? దుప్పటి ముసుగేసుకుని పడుకుంటాను.

నిన్న రాత్రి కూడా ఆమె సగం చెప్పి ఆగింది.

ఈసారి జవాబొచ్చింది. నా మంచం కింద నుంచి, మగ గొంతు. ఒక్క ముక్క తప్పకుండా చెప్పింది.

శౌరమ్మ సంబరంగా తర్వాతి పూస అందుకుంది.