చూసింది, విన్నది

ఏడో తరగతి పిల్లలకు కొత్త సోషల్ సారు మొదటి రోజు పాఠమే చెప్పలేదు. బోర్డు నిండా నియమాలు రాశాడు.

ఆలస్యంగా వస్తే గుమ్మం దగ్గర నిలబడి అడగాలి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నవ్వకూడదు. ‘అందరూ అంటున్నరు’ అనే మాట ఈ గదిలో చెల్లదు. తెలియకపోతే తెలియదని చెప్పాలి, అది తప్పు కాదు. ఇంకో నియమం కింద మాత్రం గీత గీసి మరీ రాశాడు. చూసింది చూసినట్టు చెప్పాలి, విన్నది విన్నట్టు చెప్పాలి, రెండూ కలపకూడదు.

“చరిత్ర అంటే గంతే,” అన్నాడు ధనుంజయ్ సారు. “రెండూ కలిపితే అది కథ అయితది.”

మల్లాపూర్ అవతల ఉన్న ఆ పల్లె బడిలో ఇన్ని నియమాలు ఎవరూ ఎరగరు. బి.ఎడ్. చేసిన ఎన్నో ఏళ్లకు చాక్‌పీసు పట్టిన మనిషి కదా, ఆ మాత్రం హడావుడి ఉంటుందిలే అని తోటి టీచర్లు సరిపెట్టుకున్నారు. హడావుడి కాదది, భయం. నియమాల వెనక నిలబడితే కాస్త ధైర్యంగా ఉంటుందని ఆయన ఆశ.

ఆయన ధ్యాసంతా కిటికీ పక్కన కూర్చునే ప్రవీణ మీదే. లెక్కల సారుతో గలగలా మాట్లాడే పిల్ల అది. తెలుగు టీచరమ్మకు పద్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. సోషల్ పీరియడ్ గంట కొట్టగానే తల దించేస్తుంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతకుమించి ఒక్క మాట లేదు.

“ప్రవీణా, నువ్వు చెప్పమ్మా,” అంటాడు సారు.

పిల్లలంతా ఆమె వైపు చూస్తారు. తర్వాత ఆయన వైపు చూస్తారు. వెనక బెంచీలో ఎవరో ఒకరు కిసుక్కుమంటారు. నవ్వకూడదనే నియమం ఎవరి కోసం పెట్టాడో ఏడో తరగతి మొత్తానికి తెలుసు.

ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ వనిత మేడం ఆయన్ని పక్కకు పిలిచింది.

“ఆ పిల్లను జర ఇడ్సిపెట్టు సారూ. జబర్దస్తి చేస్తే ఇంకింత ముడుసుకుంటది.”

“నేనేం జబర్దస్తి చేస్తలేను మేడం. ఒక్క మాట మాట్లాడితే సాలు.”

“మాట్లాడుతది. నువ్వచ్చి ఎన్ని దినాలైందని? టైం పడ్తది.”

ఆయన తలూపాడు. టైం గురించి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సాయంత్రం బడి వదలగానే పిల్లలు బిలబిలా వెళ్లిపోయేవాళ్లు. టీచర్లు కోరుట్ల ఆటో అందుకోవడానికి ఉరికేవాళ్లు. ధనుంజయ్ మాత్రం ఖాళీ గదిలో బోర్డు తుడుస్తూ ఉండిపోయేవాడు. తుడిచిన బోర్డే మళ్లీ తుడిచేవాడు. ఇంటికి పోవాలని తొందర లేని మనిషిని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. బడికి తాళం వేసే ఎల్లేశం రోజూ దగ్గి గుర్తుచేసేవాడు. అప్పుడు కదిలేవాడు.

ఆలోచించి ఆలోచించి ఆయన పిల్లలకు ఒక పని చెప్పాడు. “మీ ఇంట్ల ఒక్క మనిషి చరిత్ర చెప్పాలె. రాసుడు వద్దు, నిలబడి నోటితోని చెప్పాలె. రూల్ యాదికున్నదిగా?”

సతీశ్ ముందు లేచాడు. “మా తాత సిరిసిల్లల బట్ట నేసే సాంచాలు నడిపేటోడు సార్. ఒక్కపారి పులిని కొట్టిండు.”

“పులిని కొట్టుడు నువ్వు సూసినవా?”

“లేదు సార్, మా నాయినమ్మ చెప్పింది.”

“నాయినమ్మ సూసిందా?”

సతీశ్ బుర్ర గోక్కున్నాడు. “ఆమెకు గూడ తాతే చెప్పిండు సార్.”

గదంతా ఘొల్లుమంది. సారు కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే కిటికీ పక్కన ఒక చెయ్యి లేచింది.

ధనుంజయ్ చేతిలో చాక్‌పీసు అలాగే ఉండిపోయింది. “చెప్పు,” అన్నాడు.

ప్రవీణ లేచి నిలబడింది. “మా బాపు గురించి చెప్త.”

తండ్రి మాట రాగానే నవ్వులన్నీ ఆగిపోయాయి.

“ముందు విన్నది చెప్త. నేను మా అమ్మ కడుపుల ఉన్నప్పుడే మా బాపు మస్కట్ పోయిండట. పోయేనాడు బస్సెక్కి మళ్ల దిగిండట. మా అమ్మనే ఏడ్సుకుంట మళ్ల ఎక్కిచ్చిందట. మధ్యల ఒక్కపారి గూడ రాలే. కాగితాలు సక్కగ లేవట. మా అమ్మ బీడీలు చేసుకుంట గిదంతా చెప్పేది. బాపుకు నేనంటే పాణమట. ఫోన్ల ఎప్పుడు మాట్లాడినా మంచిగ సదువుకో బిడ్డా అనేటోడు. అది గూడ విన్నదే.”

సారు బోర్డు వైపు తిరిగాడు. కాసేపటికి గానీ ఇటు తిరగలేకపోయాడు.

“విన్నది మంచిగ చెప్పినవ్,” అన్నాడు మెల్లగా. “మరి సూసింది? ఏం లేకపోతే లేదని చెప్పు. తప్పు కాదు.”

“ఉన్నది సార్.” ప్రవీణ మొదటిసారి తలెత్తి సూటిగా ఆయన కళ్లలోకి చూసింది. “మా బాపు గీ బడిల గింత గట్టిగ పాఠం చెప్తడు గని, ఇంటికచ్చినంక నాతోని ఏం మాట్లాడాల్నో తెల్వక గడప కాడనే నిలబడ్తడు.”